కోడ్ లేని రంగు

సల్మాబాద్ గ్యారేజీల ప్రతి రంగుకూ ఒక కోడ్ ఉంటది.
తెలుపంటే తెలుపు కాదు, సున్నా నలభై.
పదకొండేండ్లు నేను అంకెలనే కొట్టిన,
ఎవరెవరివో బానెట్ల మీద, బంపర్ల మీద,
గీత పడ్డ సంగతి గీతకే గుర్తులేకుండ.

ఈ కట్టె మాత్రం నాది.
ముహరఖ్‌ల ఒక పాత పడవను విప్పుతుంటే
రెండు దినార్లకిచ్చిండు ముసలి బలోచీ వడ్లాయన.
టేకు. ఉప్పు తాగి తాగి బరువెక్కిన టేకు.
రంపం పెడితే చేప వాసనొచ్చింది.
ఒక మేకు రంధ్రం చుట్టూ నల్లటి మచ్చ,
బీడీ చురక లెక్క.

మెడ రొడెల్‌ది.
వీసా కాన్సిలయి మనీలా పోతూ
పగిలిన గిటారు చెత్తడబ్బాల పడేస్తుంటే అడిగిన.
"నీకు వాయించుడు రాదు గద, పోశెట్టీ?"
రాదు.
కారు నడుపుడు గూడ రాదు నాకు,
మరి ఇన్ని కార్లకు రంగెయ్యలేదా?

ఉలితోని పికప్‌లకు గూళ్లు తొలిచిన,
పాత ఏసీల నుంచి రాగి రేకు కోసి లోపల అతికిచ్చిన.
మూడొందల ఇరవై, ఆరొందలు, వెయ్యి.
గరుకు కాయితం నంబరు పెరిగినకొద్దీ
చెయ్యి మాట తగ్గిస్తది.

గాలి ఆగితే చెమ్మ, లక్క మీద పాలమీగడ తేలుతది.
గాలి లేస్తే దుమ్ము.
ఈ దీవిల మూడో కాలం లేదు.

అందుకే శుక్రవారం పొద్దున
ఎనిమిది మందికి ఉన్న ఒక్క బాత్రూమును బూత్ చేసిన.
నేల తడిపి దుమ్మును పండవెట్టి,
తలుపు సందుల తడి తువ్వాల దోపి,
స్లో థిన్నర్ రెండు మూతలు ఎక్కువే పోసి,
హ్యాంగరుకు వేలాడదీసిన,
కసాయి కొట్ల మేక లెక్క.

బయట బకెట్లతోని వరుస.
"ఎంత సేపుర?" సాయన్న.
"ఒక్క కోటు."
"గట్లనే అంటివి మూడు కోట్ల కింద."
"నమాజుకు టైమైతాంది" ఖాజాభాయి,
తలుపు మీద దువ్వెనతోని కొడుతూ.

రంగా? డబ్బాల అడుగున మిగిలిందంతా ఒక్కతాన పోసిన.
ఎవరిదో పెద్ద బండి గోధుమ, నర్సమ్మ చిన్న కారు ఎరుపు,
చెత్త లారీ పచ్చ చారెడు.
జానెడు దూరం, మణికట్టు తిరగొద్దు,
ఈ అంచు అవతల మొదలువెట్టు, ఆ అంచు అవతల ఆపు.
ఆరినంక చూస్తే నానవెట్టిన ఖర్జూరం.
జర పక్కకు వంచితే
సానవెట్టిన చింతగింజ.
ఏ పుస్తకంల లేదు.
మళ్ల కలపమంటే నాకే రాదు.

తీగలు కట్టిన.
కరెంటు గిటారు, కరెంటు లేకపోతే దోమంత.
పెట్టె కొందామంటే సగం జీతం.
రాత్రి బంకు మీద, దాని కొమ్ముకు దవడ ఆనించి
ఒక తీగ గిల్లితే పండ్లల్ల వినవడ్డది.
కింద సాయన్న గురక ఆగలేదు.

ఫోర్‌మన్ హనఫీ తిననీకి పోయినంక
తెల్లారి డెలివరీ ఉన్న నల్ల బండి ఎక్కిన.
తాళం ఒక్క చుట్టు. ఇంజను వద్దు, పాటల డబ్బా చాలు.
వైరు పెట్టి, సౌండు చివరిదాక తిప్పి,
లావు తీగ మీద బొటనవేలు
ఒక్కసారి.

అది ఏ స్వరమో తెల్వదు.
కానీ నిన్న నేను పాలిష్ పెట్టిన డోరు
నా అరచేతి కింద వణికింది,
బోరు మోటరు నీళ్లందుకున్నప్పుడు
పైపు వణికినట్టు.

రెండోసారి కొట్టలేదు.
తాళం బోర్డుకు తగిలిచ్చి,
డోరు మీది నా వేలిముద్రలు తుడిచి,
గిటారును సిమెంటు సంచిల చుట్టుకొని బస్సెక్కిన.

రూంల సాయన్న, భుజం మీద తువ్వాల:
"అయిందా? ఇంకేమన్న చేసేదుంటే
గురువారమే చెప్పు బిడ్డా,
తానాలు ముందే చేసి పెట్టుకుంటం."