పలక మందం

పుదుపేటలో ఇనప చట్రం కోసం
వేపేరి చర్చివాళ్ళ పాత పియానోని విప్పిన గఫూరు
లోపలి స్ప్రూస్ చెక్కని పొయ్యిలోకి అనుకున్నాడు.
కిలో లెక్కన తూచి ఇచ్చాడు నాకు.
టీ డబ్బులు అదనం.

రెండు పట్టీల్ని నిలువుగా కోస్తే నాలుగు రేకులు.
అంచుకి అంచు అతికి, చిత్రిక పడుతూ పడుతూ
మూడు పాయింట్ నాలుగు దగ్గర
చెయ్యి ఆగిపోయింది.
ఇవాళ్టికి ఆరో రోజు.

చూళైలో నా షెడ్డు. నాలుగింటికి
సముద్రపు గాలి తిరిగిందంటే చెక్క నా మాట వినదు,
నీళ్ళు తాగి కూర్చుంటుంది.
అందుకే పలకని బీరువాలో పెట్టి
నలభై వాట్ల బల్బు వెలిగించి ఉంచుతాను,
గుడ్లు పొదిగించేవాడిలా.
పొద్దున్నే తీసి, ఒక మూల రెండు వేళ్ళతో పట్టుకుని
చెవి దగ్గర తడతాను.
పలకాలి కదా పలక.
"ఊఁ" అంటుంది. అంతే.
మెలకువగానే ఉండి లేవని మనిషి అనే "ఊఁ".

ఇంకా తియ్యాలి. ఎంత?

మా మేస్త్రీ డెన్జిల్ పెరంబూరులో రైలు పెట్టెల వడ్రంగి.
కాలిపర్ ముట్టేవాడు కాదు.
బొటనవేళ్ళతో పలకని అడ్డంగా వంచి
కాసేపు గోడకేసి చూసి
"ఇంకో రెండు పొట్టులు" అనేవాడు.
ఆ రెండు పొట్టులూ ఎంత మందమో
ఆయన ఉండగా అడగడం మరిచిపోయాను.

రెండున్నరకి దించానొకసారి.
మొదటి ఏడు గది నిండా మోగింది,
పక్కింటివాళ్ళు కిటికీ తెరిచి మరీ విన్నారు.
మూడో నవంబరు వానలకి
బ్రిడ్జి వెనక కడుపు ఉబ్బి
తీగలు వేళ్ళకి అందనంత ఎత్తుకి పోయాయి.
ఇంకొకటి భయపడి మూడున్నర దగ్గర వదిలేశాను.
పన్నెండేళ్ళైంది, చెక్కు చెదరలేదు.
ఏ తప్పూ చేయలేదు, ఏ మాటా చెప్పలేదు.
మంచి గుమాస్తా.

మనిషైనా పలకైనా
పలుచనైతే లోకువ, మందమైతే మొద్దు.
ఇలా చెప్పడం తేలిక.
చెక్కకి సామెతలు పట్టవు.

ఈ గిటారు సలోమి గారికి.
కీళ్పాకులో ఛాతీ వార్డు నర్సు.
గోళ్ళు పెంచకూడదు, వేలి కండతోనే మీటుతుంది.
అంత మెత్తటి చేతికి పలుచటి పలకే కావాలి.
కానీ అడ్వాన్సు ఇచ్చిన రోజున
వెంట వచ్చిన మేనల్లుడు నెహెమ్యా
నా జిగురు డబ్బా మీద, బల్ల మీద, స్కూటర్ సీటు మీద
వాయించి పెట్టాడు.
"నా తర్వాత ఇది వీడిదే" అంది నవ్వుతూ.
వీడి చేతిలో రెండున్నర ఆర్నెల్లు ఆగదు.
ఎవరి చేతికని కొలవను?

ఇవాళ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది.
చూడొచ్చా అని అడిగి,
నేను అంచు పట్టుకుంటే
ఎడమచేతి మధ్యవేలు పలక మీద ఆనించి
కుడిచేతి మధ్యవేలితో ఆ వేలి మీద తట్టింది.
అంగుళం జరిపి, మళ్ళీ.
రోగి వీపు మీద డాక్టర్లు తట్టే తట్టు,
ఇరవై రెండేళ్ళు పక్కన నిలబడి నేర్చుకున్నది.
కింద కుడివైపు ఆగింది.
"ఇక్కడ నీరు పట్టింది" అంది.

కాలిపర్ పెట్టి చూస్తే
అక్కడ ఒక్కచోట మూడు పాయింట్ ఏడు.
ఆరు రోజులుగా నడిమధ్యలోనే తడుతూ కూర్చున్నాను నేను.

చిత్రిక బ్లేడు మళ్ళీ నూరాను.
ఆ మూల నుంచి మొదలుపెట్టాను.
పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి
ఆమె తెల్ల చెప్పుల మీద పడింది.
ఒకటి ఎత్తి బల్బుకి అడ్డం పెట్టి చూసి
నెహెమ్యాకని టిఫిన్ డబ్బాలో వేసుకుంది.
అంచుల్లో ఇంకొంచెం. నడుము జోలికి పోకుండా.
తట్టాను. "ఊఁ" కాదు ఈసారి.
ఏమందో రాయడానికి అక్షరం లేదు,
"ఓ"కి దగ్గర.

"ఎంత?" అంది సలోమి గారు.
"నడుమ రెండు పాయింట్ తొమ్మిది. అంచుల్లో రెండున్నర."
"అది కాదండీ" అంది పర్సు తెరుస్తూ,
"నా బాకీ."