చేపలేవి?

పగలు పన్నెండు గంటలు నా పని
సముద్రంలోంచి ఉప్పు తీసెయ్యడం.
హిద్ద్‌లో, గొట్టాల కింద, చెవుల్లో దూది పెట్టుకుని,
మీటరు మీద ముల్లు చూస్తూ.
రాత్రి గదికొచ్చి
అవే నీళ్లు బకెట్లో పట్టి
క్లోరిన్ పోనిచ్చి
కొలిచి కొలిచి ఉప్పు కలుపుతాను.

పడవకెళ్లే ముందు కునుకు తీస్తున్న ఎల్లాజీ
కళ్లు తెరవకుండానే నవ్వుతాడు:
"పొద్దల్లా ఇప్పిన ముడి
రేత్రి మళ్లీ ఏస్తన్నావేటి?"

అరవై లీటర్ల తొట్టి.
ముహర్రఖ్ సూఖ్‌లో పిట్టల పంజరాల పక్క కొట్లో కొన్నాను.
కొట్టాయన రాయిని తడి పేపర్లో చుట్టి
పురిటిబిడ్డని అందించినట్టు రెండు చేతులతో ఇచ్చాడు.
విప్పితే రాయి మీద
ఎవరి వార్తో, అరబ్బీ అచ్చు తిరగబడి అంటుకుని ఉంది.
కడగలేదు. దానంతటదే పోయింది.

తర్వాత కోల్డ్‌స్టోర్ నుంచి ఒకే ఒక్క రొయ్య.
పొట్టు తియ్యలేదు, పసుపు రాయలేదు,
ఉతికిన సాక్సులో కట్టి నీళ్లలో వేలాడదీశాను.
ఎల్లాజీ ఈసారి లేచి కూర్చున్నాడు.
"వండనోడివి కొనడమెందుకు? కుళ్లబెట్టడానికా?"

కుళ్లబెట్టడానికే.
కుళ్లితే విషం. విషం తినడానికి
కంటికి కనపడనివాళ్లెవరో వస్తారు.
వాళ్లు వదిలేది ఇంకో విషం,
అది తినేవాళ్లు ఇంకా నెమ్మదిగా వస్తారు.
అందరూ సర్దుకున్నాకే చేప.
"మా పాత క్యాంపు గదన్నమాట," అన్నాడు,
"ముందొచ్చినోడికి కంపు,
ఎనకొచ్చినోడికి ఫ్యాను."

వారం తిరిగేసరికి గదంతా కంపు.
పరీక్షగొట్టంలో ఎనిమిది చుక్కలు, ఐదు నిమిషాలు.
పచ్చి మామిడికాయ రంగు.
మర్నాడూ అదే. ఆ మర్నాడూ.
పక్కగదివాళ్లు తొంగి చూసి, చేపలేవి?
గ్యాస్ సిలిండరు తెచ్చినవాడు, చేపలేవి?
ఫోన్లో మేనకోడలు లోహిత, మామయ్యా, చేపలేవి?
నీళ్లు చూపించాను. రాయి చూపించాను.
పాప రాయికి టాటా చెప్పింది.

జూలై. తొట్టిలో ముప్ఫై రెండు డిగ్రీలు.
టేబుల్ ఫ్యానుని ఎల్లాజీ కాళ్ల దగ్గర్నుంచి
నీళ్ల మీదికి తిప్పాను. ఏమీ అనలేదు.
రోజూ వేలెడు నీళ్లు గాల్లో కలిసిపోతాయి.
పోయేది నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోదు,
అందుకని పైనుంచి మంచినీళ్లే పొయ్యాలి.
ఇంత తెలిసీ ఒక రాత్రి నిద్రమత్తులో
ఉప్పునీళ్ల బకెట్టే ఒంపి
తెల్లారిందాకా గ్లాసుతో తోడాను.

పందొమ్మిదో రోజు గొట్టంలో పసుపు.
రెండో గొట్టం మాత్రం ఊదా,
వంకాయ ఊదా, ఎన్నాళ్లయినా.

ఈలోగా గాజంతా గోధుమరంగు పాచి.
బ్లేడు పట్టుకుని నిలబడ్డాను.
అప్పుడే పడవ దిగొచ్చిన ఎల్లాజీ
నా మణికట్టు పట్టుకున్నాడు.
తొట్టి మీద వంగి వాసన చూశాడు.
వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.
నవ్వలేదు.
"గీక్కు. పాచి పట్టిందంటే
పట్టు దొరికినట్టే."

ఊదా ఆకాశనీలమైన రోజు నేను డ్యూటీలో ఉన్నాను.
అతనే చుక్కలు లెక్కపెట్టి వేసి
గొట్టం ఫోటో పంపాడు, తలకిందులుగా.
ఆ సాయంత్రం సగం నీళ్లు మార్చాం.
తోడిన నీళ్లు మెట్ల పక్కన పారబోస్తే
రెండు పిల్లులొచ్చి వాసన చూసి
మోసపోయినట్టు వెళ్లాయి.

మొదట దింపింది చేపని కాదు, నత్తని.
చొక్కా గుండీ అంత.
గంటసేపు కదల్లేదు.
చచ్చిందనే అనుకున్నాం ఇద్దరం,
పైకి ఎవరూ అనలేదు.

నిద్ర లేచేసరికి
గోధుమ పాచి మీద ఒక వంకర దారి,
చిటికెనవేలి గోరంత వెడల్పు.
అందులోంచి చూస్తే
అవతల మంచం, జారిన దుప్పటి,
ఎల్లాజీ మడమ,
మడమ మీద ఆరిపోయిన ఉప్పు.