పేరుకే పై

ఊర్ల అందరు దుబాయి అంటరు. ఇది సోహార్.
చేపల రేవు వెనక, మెట్ల కింద,
నిలబడితే తల తగిలే దుకాణం.
సోల్డరింగ్ పొగకు పోయే దారి లేదు,
నా దగ్గరనే ఉంటది, పెంపుడు పిల్లి లెక్క.

నఖుదా ఖల్ఫాన్ పడవ సెట్టు తెచ్చిండు
తువ్వాలల చుట్టి, దెబ్బ తగిలిన పిట్టను పట్టుకొచ్చినట్టు.
"మాట కన్న బుస ఎక్కువైంది" అన్నడు.
తెరిస్తే అంతా ఉప్పు.
ఒక కెపాసిటర్ కాలి నల్లబడ్డది,
ఒంటి మీద అంకె లేదు.
దాని విలువెంతనో దానికే గుర్తు లేదు.

పక్కన రెసిస్టర్ మాత్రం
రంగు పట్టీలు కట్టుకొని కూసున్నది:
పసుపు, ఊదా, ఎరుపు, చివర్ల బంగారు గీత.
నాలుగు వేల ఏడు వందల ఓములు.
సాక్షి దొరికిండు.

ఇగ మనిషి గొంతు సంగతి.
మూడు వేల నాలుగు వందల హెర్ట్జ్ దాటితే
అందుల మాట తక్కువ, గాలి ఎక్కువ.
అక్కడ గీత గియ్యాలె.

జగిత్యాల ఐటీఐల లింబాద్రి సారు
సుద్దముక్కతోని బల్లను కొట్టి చెప్తుండె:
"పైన ఒకటి. కింద రెండు, పై, ఆర్, ఎఫ్.
పై అని పేరే గని, పిలగా, అదుండేది కింద."
అప్పుడు నవ్విన.
ఈ మెట్ల కింద లెక్క రాస్తుంటే
మీద నడిచేటోళ్ల చెప్పుల చప్పుడుకు
ఇంకోతీరు నవ్వొస్తది.

దిల్‌మురాద్ తెచ్చిన పరాఠా కాగితం మీద
నూనె మరకను తప్పించుకుంట గుణించిన.
కోటి అరవై లక్షలకు ఇరవై వేలు తక్కువ.
దాన్ని ఆరు పాయింట్ రెండు ఎనిమిదితోని పెంచితే
పది కోట్ల చిల్లర.
ఒక్క ఫారడ్‌ను అంత మందికి పంచితే
మనిషికి వచ్చే పాలు
తొమ్మిది పాయింట్ తొమ్మిది ఆరు నానో.
అట్లాంటిది ఏ డబ్బాల దొరకదు.
పదిది ఉన్నది, కందిపప్పు బద్దంత,
ఒంటి మీద 103.
వేసిన.

బుస పోయింది.
మస్కట్ దిక్కు నుంచి ఎవరో మాట్లాడుతున్నరు,
పక్క మంచం మీద కూసున్నట్టు.

ఖల్ఫాన్ చెవి పెట్టిండు. గడ్డం గోక్కున్నడు.
"బాగనే ఉన్నది.
కని ఎవరూ మాట్లాడనప్పుడు
సెట్టు బతికున్నదో చచ్చిందో ఎట్ల తెలుస్తది?
రాత్రి నడి సముద్రంల ఆ బుసనే నాకు తోడు.
అంత తియ్యకు."

చెప్పబోయిన:
కటాఫ్ అంటే తెగగొట్టుడు కాదు నఖుదా,
గీత కాడ గూడ నూటికి డెబ్బై మిగులుతది,
ఆవలికి పోయినకొద్ది సన్నబడుతది గని
గోడ లేదక్కడ, వాలు ఉన్నది.
ఇదంతా నా అరబ్బీల పట్టలేదు.
చెయ్యి చాపి మెల్లగ కిందికి దించిన,
ఒడ్డు నీళ్లలకు దిగినట్టు.
ఒప్పుకున్నడు.
ఒప్పుకొని, ఆ ఒడ్డునే ఇంకింత జరుపుమన్నడు.

కాగితం తిరగేసిన.
ఐదు వేల కాడ గీత.
ఆరు పాయింట్ ఎనిమిది నానో కావాలె,
డబ్బా అడుగున ఒక్కటంటే ఒక్కటి,
ఎప్పటిదో పాత టీవీల నుంచి పీకి దాచింది.
పది తీసిన, అది పెట్టిన.
విలువ తగ్గితే గాలి పెరుగుతది,
కిందున్న అంకెల గుణమే అంత.

సెట్టుల ఇప్పుడు సన్నటి ఊపిరి.
ఖల్ఫాన్ కండ్లు మూసి విన్నడు.
ఒక రియాలు, రెండు కన్నద్ ముక్కలు
బల్ల మీద పెట్టి పోయిండు.

రాత్రి, ఆరుగురి గదిల,
ఏసీ ఉన్నట్టుండి ఆగింది.
అందరం ఒక్కసారే లేచినం.
మళ్ల అది గుర్రుమనే దాక
ఎవరికీ నిద్ర పట్టలేదు.