జొవీటా బరువు

పొడుపు కథ ఒకటి విప్పండి చూద్దాం:
పాములా ఉంటుంది, పాకదు.
మేపితే పొట్టిదై లావెక్కుతుంది,
లాగితే పొడుగై చిక్కిపోతుంది.
విషం కక్కుతుంది, కరవదు.

రాలేదా? నాకూ రాలేదు.
జొవీటాకి వచ్చు.

గయానా దేశంలో, పొమెరూన్ ఏటి పక్క వాగులో
నీళ్ళు డికాషన్ రంగులో ఉంటాయి.
ఇళ్ళు గుంజల మీద నిలబడి తొంగిచూస్తాయి.
పిల్లలు బడికి పడవలో వెళ్తారు,
ఆలస్యమైతే వాగు మీదికి నెట్టేస్తారు నేరం.
ఊరివాళ్ళని లోకం అరవాక్‌లు అంటుంది.
వాళ్ళు చెప్పుకునే పేరు లొకోనో.
అర్థం అడిగితే, 'మనుషులు'. అంతే.

ఇవాళ శనివారం.
కుతు, అంటే అవ్వ, కర్రపెండలం చెక్కు తీసింది.
అత్త రేకు మీద గరగరా కోరింది.
కోరు తెల్లగా, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.
"నోట పెట్టావో, చచ్చావే!"
ప్రతి శనివారం అదే మాట, అదే గొంతు.
ఎందుకంటే అది చేదు దుంప,
రసం నిండా విషం.

అందుకే ఆ పాము. దాని పేరు మటాపి.
మొక్రు బద్దలు చీల్చి తాత అల్లాడు.
నోటి నిండా కోరు కుక్కి,
పై చెవి దూలానికి తగిలించి,
కింది చెవిలో కర్ర దూర్చి,
ఆ కర్ర మీద ఎవరైనా కూర్చోవాలి.

పోయినేడు జొవీటా కూర్చుంది.
మటాపి కదల్లేదు.
"దోమ వాలిందనుకుంది పాపం!" అన్నాడు అన్న ఆల్రిక్.
కోడి కూడా నవ్విందని
జొవీటా ఇప్పటికీ ఒట్టు పెట్టి చెబుతుంది.

లొకోనో మాటల్లో చుక్కన్నా వీవాయే, ఏడాదన్నా వీవాయే.
మనం కృత్తికలు అంటామే, ఆ గుంపు
తెల్లవారుజామున తిరిగి కనబడితే
కొత్త ఏడు వచ్చినట్టని పాతకాలం లెక్క.
నిన్న కనబడింది.

కాబట్టి జొవీటా
రెండు గిన్నెలు చేపల పులుసు తాగి
(జేబుల్లో గులకరాళ్ళు కూడా, ఎవరికీ చెప్పకండి)
కర్ర మీద కూర్చుంది.

కిర్ర్ర్...
సాగింది మటాపి, సన్నబడింది.
బొట్టు.
ఇంకో బొట్టు.
తర్వాత సన్నటి ధార.

"రాళ్ళు తీసెయ్," అంది కుతు, వెనక్కి తిరక్కుండానే.
టప్, టప్, టప్. మూడు రాళ్ళు నేల మీద.
ధార ఆగలేదు.

ఆ విషం పొయ్యి మీద మరిగి మరిగి
నల్లగా, చిక్కగా, కాస్త తియ్యగా మారింది.
మాంసం, మిరపకాయలు వేసి రోజూ కాస్తూ ఉంటే
ఆ కుండలో కూర పాడవదు.
పిండి జల్లించి పెనం మీద పరిస్తే
బండి చక్రమంత రొట్టె!
దాన్ని ఇంటి కప్పెక్కించి ఎండబెట్టారు.

వీళ్ళ దూరపు చుట్టాలు సముద్రంలో దీవుల్లో ఉండేవాళ్ళు.
పెద్ద గాలివానని హురకాన్ అనేవాళ్ళు.
తెల్లవాళ్ళ ఓడలొచ్చాక
ఆ మనుషులు చాలామంది మిగల్లేదు.
మాట మిగిలింది. ఓడెక్కి, నోళ్ళు మారి,
మీ తాతగారి అటక మీద
హరికేన్ లాంతరు పేరులో దాక్కుంది.
దుమ్ము తుడిచి చూడండి.

రాత్రి జొవీటా వలుయ్యాలలో పడుకుంది.
దాని పేరు హమాక.
వీపు నేలకి తగిలింది.
"తాడు ఎత్తి కట్టాలి," అంది కుతు.
జొవీటా పలకలేదు,
నిద్రపోయినట్టు కళ్ళు గట్టిగా మూసుకుంది,
పొట్ట మాత్రం నవ్వుతో ఎగిరెగిరి పడుతోంది.