జానెడు బంతి

పగలంతా నలభై అడుగుల కంటైనర్లు ఎత్తి దించుతాను.
ఇంటికొస్తే నావి పదకొండు:
ఏడు పెయింటు డబ్బాలు, ఒక చిల్లిబిందె,
ఫిషింగ్ హార్బర్‌లో ఐసు కరిగాక పారేసిన
మూడు థర్మాకోల్ పెట్టెలు.
ఎన్నిసార్లు కడిగినా కోనం చేప వాసన పోలేదు.
కంచరపాలెం పిల్లులన్నిటికీ మా డాబా చిరునామా తెలుసు.

పోయినేడు పెద్ద బంతి వేశాను.
నడుమెత్తు పెరిగింది, ముద్దలు ముద్దలుగా విచ్చింది.
కార్తీకంలో ఒక రాత్రి సముద్రం గాలి మళ్ళించింది.
తెల్లారేసరికి అన్నీ ఒకే పక్కకి,
పూలు మాత్రం ఇంకా బతికే ఉన్నాయి, నేలమీద.
"పొట్టిది ఎయ్యి గురూ" అన్నాడు సన్నాసప్పడు,
"గాలికి దాని పేరు తెల్దు."

సన్నాసప్పడు నా సిగ్నల్‌మేన్.
ఎక్కడో కింద, బెర్తు మీద, పసుప్పచ్చ చొక్కాలో.
పైనుంచి చూస్తే వాడూ ఒక పొట్టి బంతే.
చెయ్యి ఊపితే ఎత్తుతాను, పిడికిలి బిగిస్తే ఆపుతాను.
చివరి జానెడు దూరంలో మాత్రం
బొటనవేలూ చూపుడువేలూ కలిపి, విడదీసి, కలుపుతాడు:
మెల్లిగా. ఇంకా మెల్లిగా.
ముప్పై టన్నులు ఆ రెండువేళ్ళ సందులోంచి దిగుతాయి.

గింజలు పూర్ణా మార్కెట్లో కొన్నాను.
నల్లటి సూదికి తెల్లటి తోక.
ఇసుక, ఎర్రమట్టి, పాత గెత్తం, తలా ఒక పాలు.
మేకు కాల్చి డబ్బాల అడుగున బెజ్జాలు పెట్టాను.
తడి గోనె కింద ఐదోనాటికి లేచాయి.

రేవులో దిగిన బొగ్గుపొడి
రాత్రికి రాత్రి మా డాబా ఎక్కుతుంది.
పొద్దున్నే తడిగుడ్డతో ఆకూ ఆకూ తుడుస్తాను.
ఆ గుడ్డదీ నా దగ్గుదీ ఒకటే రంగు.
కుళాయి రోజు విడిచి రోజు.
బంతిలో వలపక్షం పనికిరాదు కదా,
తలా ఒక చెంబు, మొదట్లో, నెత్తిన కాదు.
బిందెలోది మాత్రం రెండు తాగేది,
ఒకటి తనకి, ఒకటి చిల్లికి.

ఇరవయ్యారోనాడు మొదటి మొగ్గ.
శెనగ్గింజంత.
మా గవరమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.
ఆదివారం సన్నాసప్పడు వచ్చాడు.
టీ పక్కన పెట్టి వంగాడు.
బొటనవేలూ చూపుడువేలూ కలిపాడు.
ఈసారి విడదీయలేదు.
మొగ్గ నా చెప్పు పక్కన పడింది.

"తల తుంచితే నడుం గట్టిపడతాది.
ఒకటి పోతే ఎనిమిదొస్తాయి."

లెక్క బాగానే ఉంది.
ఆ ఒక్కదాన్నీ చొక్కా జేబులో వేసుకున్నాను.
సోమవారం కేబిన్‌లో తీసి చూస్తే మిరియపు గింజ.

మార్గశిరంలో పూశాయి.
ఎనిమిది కాదు. కొన్నిటికి ఆరు, బిందెలోదానికి పదమూడు.
పసుపు అంచు కట్టిన ఇటికరంగు.
పూలమ్మే ఎర్రయ్యమ్మని పైకి పిలిచాను.
మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా నిలబడి,
ఒక పువ్వుని గెడ్డం పట్టుకున్నట్టు పట్టుకుని తిప్పి చూసింది.
"కాడేదీ బావూ? దండకి రాదు.
దేవుడి మెళ్ళోకి సాలదు, పెళ్ళి గుమ్మానికి అందదు.
ఏటి సేసుకుంటావు దీన్ని?"
పోతూ పోతూ ఆ ఒక్కటీ తుంచి కొప్పులో పెట్టుకుంది.
నేను డబ్బులు అడగలేదు. ఆవిడా ఇవ్వలేదు.

ఇప్పుడు ఒక డబ్బా కేబిన్‌లో, నా కాలి పక్కన.
ట్రాలీ కదిలినప్పుడల్లా తలలన్నీ ఊపుతుంది,
డాల్ఫిన్స్ నోస్ కేసి ఒకసారి, ఊరికేసి ఒకసారి.
వాడినవి తుంచెయ్యాలి దీనికి.
లేకపోతే గింజ కట్టి, పని అయిపోయిందనుకుంటుంది.
ఇవాళ కింద ఏదో కాగితం సరిచూస్తున్నారు,
పెట్టె గాల్లో ఆగి ఉంది.
ఈలోగా ఒకటి తుంచుదామని వేళ్ళు కలిపాను.
అద్దపు నేలలోంచి చూశాడు సన్నాసప్పడు.
ఏమనుకున్నాడో,
తల పైకెత్తి
తనూ రెండువేళ్ళు కలిపాడు.