మూడో గది

మూడు గంటలే ఉంది.
ఎనిమిదింటికి లోవరాజు కోసం క్యాబ్ వస్తుంది,
రాత్రంతా వాడు ఎవరివో పోయిన సూట్‌కేసులకి
ఫోన్లో క్షమాపణలు చెప్పాలి.
అంచేత సత్రం లేదు, సారాకొట్టు లేదు,
మూలన కూర్చుని పని అప్పజెప్పే ముసుగు ముసలాడు లేడు.
కథ మధ్యలోనే తలుపు తీశాను:
"వంతెన ఊగుతోంది. మీరు దాని మీదున్నారు.
చేతిలో ఏముంది?"

ఈజీపురలో రెండో అంతస్తు. చాప మీద నలుగురు.
మనుషుల్ని ముందే రాసిపెట్టాను, పాత జీతం స్లిప్పుల వెనక:
పేరు, బలం, ఒక భయం, ఒక అప్పు.
అప్పెందుకని అడిగాడు షరీఫ్.
అప్పున్నవాడు త్వరగా కదుల్తాడు, టైము లేదన్నాను.
తేజోవతి మంత్రగత్తెని లాక్కుంది.
ఆఫీసు మీటింగుల్లో ఎప్పుడూ మ్యూట్‌లో ఉండే సుభాషిణికి
ఎవరూ తీసుకోని గొడ్డలివాడు మిగిలాడు.
నేను పెట్టిన పేరు కొట్టేసి
చిన్నక్షరాలతో ఏదో రాసుకుంది. చూపించలేదు.

నా ముందు అట్ట, స్వీట్ల పెట్టె మూత.
దాని వెనక నేను అబద్ధాలాడతాను.
పాచికకి ఇరవై ముఖాలు,
ఆడించేవాళ్ళది ఇరవై ఒకటోది.

రెండో గదిలో బూడిదపాము నోరు తెరిచింది.
సరిగ్గా అప్పుడే కిందనుంచి మంజుళమ్మ గారు:
"నీరు బంతు! నీరు బంతు!"
నాలుగు రోజుల తర్వాత ట్యాంకరు.
పాముని నోరు తెరిచినట్టే ఉండమని
బకెట్లతో మెట్లు దిగాం.
గొట్టం షరీఫ్ పట్టుకున్నాడు, డ్రమ్ము మూత మంత్రగత్తె పట్టుకుంది,
లోవరాజు మెట్టుకొక తరం చొప్పున
ట్యాంకరువాడి వంశాన్ని తిట్టుకుంటూ మోశాడు.
మన భాషలో నీళ్ళూ పారతాయి, పాచికా పారుతుంది.
ఆ రోజు ముందు నీళ్ళు పారాయి.

తిరిగొచ్చేసరికి ఏడూ పది.
కాగితం తడిసి, లోవరాజు దొంగ బలం
ఎనిమిదో పద్దెనిమిదో తెలీలేదు.
పద్దెనిమిదేనని ఒట్టేశాడు. ఒప్పుకున్నా.
గుహలో మూడు గదులు రాసుకున్నాను.
మూడోదాన్ని అట్ట వెనక చప్పుడు లేకుండా పూడ్చేశాను.
పాము ప్రాణం అరవై. పన్నెండు చేశాను.
ఎవరికీ చెప్పలేదు. చెప్పడం ఇదే.

తిరుగు దారి, మళ్ళీ అదే వంతెన.
వెనక పాము, ప్రాణం ఇంకా నాలుగు.
మిగిలింది ఒక్క తాడు, ముగ్గుర్నే మోస్తుంది.
"ఎవరు" అనబోయాను.
"నేనుంటాను. మీరెళ్ళండి."
సుభాషిణి గొంతు అంత పెద్దదని
ఏడాదిన్నరగా పక్క సీట్లో ఉండీ
నాకు తెలీదు.

పాము తరఫున పాచిక వేశాను.
పంతొమ్మిది.
రెండు అనొచ్చు.
అప్పటికే రెండు అబద్ధాలాడాను, మూడోది బరువు కాదు.
ఆవిడ నా మొహంలోకి చూస్తోంది,
బతికించమని కాదు,
మోసం చెయ్యొద్దని.

అట్ట పక్కకి తీశాను.
అందరూ వంగి చూశారు.
"పంతొమ్మిది", ఆవిడే చదివింది.
వాడెలా పడ్డాడో కూడా ఆవిడే చెప్పింది:
ముందు గొడ్డలి, కాసేపాగి వాడు,
మధ్యలో, అప్పు ఎవరికి తీర్చాలో ఒక్క ముక్క.
షరీఫ్ నవ్వబోయి ఆగిపోయాడు.

కింద హారన్.
"చచ్చినదానివి, నీకే హాయి, నేను డ్యూటీకెళ్ళాలి"
చెప్పులు వెతుక్కుంటూ లోవరాజు.
ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి
"ఇది ఉంచుకోనా?" అంది.
వెనకవైపు నా జీతం ఉందని అప్పుడు గుర్తొచ్చింది.
ఉంచుకోమన్నాను.

చాప చుట్టబోతే కింద మూడో గది.
అందులో దీపాలు తుడిచే ముసలామె ఉంది,
ఆమె పేరు కోసం శనివారమంతా ఆలోచించాను.
ఎవరూ కలవలేదు.
ఈ ఊళ్ళో ఖాళీ గదికి పది నెలల అడ్వాన్సు అడుగుతారు.
ఆమె ఏమీ అడగదు.
ట్యాంకరు రాని ఆదివారం చూసుకుని
రండి.