షట్టర్

పదకొండు కిలోలు.
మొదటి రోజు నా కుడి పిడికిలి విలువ అది.
"నొక్కండి, ఇంకా నొక్కండి" అని అరిచి అరిచి
ఫిజియోథెరపిస్టు సుభాషిణి గారు
బంగారం తూచినట్టు
ముల్లు వంక చూసి రాసుకున్నారు.

అల్లిపురంలో మాది జెరాక్స్ షాపు.
నాకూ నూకరత్నం అక్కకీ
ఒకటే షాపు, ఒకటే జబ్బు.
పొద్దున్నే షట్టర్ ఎత్తడానికి
పక్క టీకొట్టు పైడిరాజు రావాలి.
అతను రాని రోజు
తాళాలు ఒళ్లో పెట్టుకుని
మెట్టు మీద కూర్చుంటాం.

అమ్మానాన్నలది మేనరికం.
ఇద్దరి దగ్గరా ఒకే పేజీలో ఒకే అచ్చుతప్పు.
వాళ్లకి రెండో కాపీ బాగుంది కనక గడిచిపోయింది.
మాకు రెండూ తప్పువే వచ్చాయి.
అసలులోనే అక్షరం ఎగిరిపోతే
మెషిన్ని తిట్టి ఏం లాభం?

నాన్న పోర్టులో కళాసీ.
నూరు కిలోల బస్తా వీపున మోసినవాడు
డాక్టరు మాట మూడుసార్లు విని అన్నాడు:
"అయితే ఏటండీ, గొడౌను నిండా పంచదారే,
సరుకు దింపే మనిషే లేడు. అంతేనా?"
అంతే నాన్నా.
బస్తా మీద బస్తా పడి
గోడలు పగులుతున్నాయి.

ఆరిలోవ ఆస్పత్రిలో కొత్త వైద్యం అన్నారు.
లోపలిదంతా తీసేసిన వైరస్ డొల్లలో
తప్పులేని పేజీ ఒకటి మడిచిపెట్టి
నరంలోకి వదులుతారట,
ఒకే ఒక్కసారి.
ముందు నెత్తురు చూడాలి.
ఆ వైరస్ ఒంటికి పాత పరిచయమైతే
గుమ్మంలోనే తరిమేస్తుంది.

నాది పాసైంది.
అక్కది కాలేదు.
ఏ జలుబు వెంట వచ్చిందో
ఏ మాటా చెప్పకుండా పోయిందో,
చిన్నప్పుడు ఇద్దరం ఒకే దుప్పట్లోనే కదా దగ్గాం,
ఒక తుమ్ము ఆమెకు దక్కింది, నాకు దక్కలేదు.
రిజల్టు కాగితానికి రెండు కాపీలు తీసి
ఒకటి ఫైలులో పెట్టి
"నువ్వెళ్లు, షాపు నేను చూస్తాలే" అంది అక్క.

సూది రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు.
నాలుగు గంటలు. కిటికీలో కొండ. చల్లబడిన చెయ్యి.
తర్వాత వారం వారం లివర్ పరీక్షలు,
ఉబ్బిన మొహం,
స్టెరాయిడ్లు నిద్ర లాక్కున్న రాత్రులు.

ఎనిమిదో నెల. పద్నాలుగు కిలోలు.
చప్పట్లు కొట్టబోయిన సుభాషిణి గారు
నా వెనక కుర్చీలో అక్కను చూసి ఆగారు.
అక్కే కొట్టింది,
చేతులు ఒళ్లోంచి లేవకుండానే.

నిన్న పొద్దున పైడిరాజు రాకముందే
షట్టర్ కింద వేళ్లు పెట్టాను.
మోకాలు దాటింది. నడుం దాటింది.
ఉప్పుగాలికి తుప్పుపట్టిన రేకు
కీచుమంటూ ఛాతీ దాకా వచ్చి ఆగింది.
నేనైతే వంగి దూరిపోగలను.
అక్క వంగలేదు.
"ఇంక చాల్లేవే, పైడిరాజొస్తాడు" అంది.

దించలేదు.
మోచేతులు వణుకుతుంటే
అలాగే పట్టుకుని నిలబడ్డాను,
అక్క తల ఎంత ఎత్తులో ఉందో
కళ్లతో కొలుచుకుంటూ.